రెండున్నర గంటల దూరం

రియాద్ గడియారం మన ఊరి గడియారానికి రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. ఈటీవీలో రాత్రి తొమ్మిది గంటల వార్తలు మొదలయ్యేసరికి అక్కడ సాయంత్రం ఆరున్నర. డ్యూటీ దిగినవాళ్ళలో చాలామంది అప్పటికింకా కంపెనీ బస్సులోనే ఉంటారు. పొద్దున్నే వచ్చే రైతుల కార్యక్రమం ‘అన్నదాత’ వేళకు అక్కడ తెల్లవారదు. మనకు సెలవైన ఆదివారం వాళ్ళకు వారంలో మొదటి పనిరోజు. 2013 జూన్ దాకా గురు, శుక్రవారాలు, ఆ తర్వాత నుంచి శుక్ర, శనివారాలు సౌదీలో వారాంతం. చిన్న కంపెనీల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి శుక్రవారం ఒక్కటే సెలవు. తెలుగు చానెళ్ళు ఆదివారం కోసం సిద్ధం చేసే ప్రత్యేక కార్యక్రమాలు వాళ్ళు పనిలో ఉండగానే వచ్చి వెళ్ళిపోతాయి.

ఈ తేడాను పూడ్చే మార్గం ఒకటుంది. మేడ మీది డిష్‌కు అందే డిజిటల్ చానెల్‌ను గదిలోనే డిస్కులోకి రికార్డు చేసుకుని, మనకు వీలైన వేళ చూసుకోవడం. రియాద్‌లో ఇన్‌స్ట్రుమెంట్ పని చేసుకుంటూ బతికిన రోజుల్లో నేను ఎంతో ఇష్టంగా నేర్చుకున్న విద్య ఇది. మా గదికి బిగించుకున్నాను, అడిగిన ఇళ్ళకూ బిగించిపెట్టాను. అన్నీ ఫోనులో దొరుకుతున్నప్పుడు ఈ శ్రమ ఎందుకని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. వాళ్ళ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలనిపించి ఈ వారం ఇది రాస్తున్నాను.

సౌదీలో మనవాళ్ళకు ఇంటి తెరే అన్నీ. మూడున్నర దశాబ్దాలపాటు ఆ దేశంలో సినిమా హాలు లేదు. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మొదటి హాలు మళ్ళీ తెరుచుకుంది. అంతకుముందు గల్ఫ్‌కు వెళ్ళిన తరం వీసీఆర్‌లో క్యాసెట్ వేసుకుని సినిమా చూసింది. సెలవుకు వచ్చేటప్పుడు అదే వీసీఆర్‌నూ టూ ఇన్ వన్‌నూ ఊరికి మోసుకొచ్చింది. తర్వాత డిష్‌లు వచ్చాయి. 1994లో సౌదీ ప్రభుత్వం వాటిని నిషేధించినా, ఆ నిషేధం మేడలెక్కలేదు. రియాద్‌లో బతా, జెద్దాలో షరఫియా లాంటి పేటల్లో ఏ మేడ ఎక్కి చూసినా డిష్‌ల వరసలే కనిపించేవి. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి డబ్బులు వేసుకుని గదికొక డిష్ పెట్టించుకునేవారు.

ఆ మేడ మీద నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. రియాద్ దాదాపు 46.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అరబ్ చానెళ్ళను మోసే బద్ర్ ఉపగ్రహాలు 26 డిగ్రీల తూర్పున ఉంటాయి. అవి అరబ్‌శాట్ సంస్థవి. 1976లో అరబ్ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ఆ సంస్థకు రియాదే కేంద్రం. తెలుగుతో పాటు దక్షిణాది చానెళ్ళెన్నింటినో మోసిన ఇంటెల్‌శాట్-17 ఉన్నది 66 డిగ్రీల తూర్పున. అంటే రియాద్ ఈ రెండింటికీ దాదాపు సరిగ్గా మధ్యలో ఉంది. మేడ మీద దక్షిణం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు నైరుతిలో అరబ్బుల ఆకాశం, ఎడమచేతి వైపు ఆగ్నేయంలో మన ఆకాశం. రెండూ నేల నుంచి 53, 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. ఆ నగరంలో మనవాడి బతుకూ ఆ రెండు దిక్కుల మధ్యే సాగుతుంది కాబట్టి, ఈ లెక్క వేసుకున్న రోజు నాకు ఎంతో సంతోషమైంది.

నైరుతికి రెండు, మూడడుగుల డిష్ చాలు. అటువైపు చానెళ్ళు వచ్చేది కేయూ బ్యాండ్ తరంగాల్లో. ఆగ్నేయానికి మాత్రం ఆరడుగుల డిష్ కావాలి, ఎందుకంటే మన చానెళ్ళు వచ్చేది సీ బ్యాండ్‌లో. డిష్ నోటి దగ్గర బిగించి సిగ్నల్‌ను పట్టే ఎల్‌ఎన్‌బి కూడా వేరే రకం. రిసీవర్‌లో దాని ఫ్రీక్వెన్సీ 5150 అని పెట్టాలి. కేయూ బ్యాండ్ ఎల్‌ఎన్‌బికి 9750, 10600 పెడతారు. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు గనుక ఎల్‌ఎన్‌బిని దాని బిగింపులో దాదాపు 35 డిగ్రీలు మెలితిప్పాలి. సిగ్నల్ ఉన్నా కొన్ని చానెళ్ళు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఈ మెలికే. డిష్‌ను వెంట్రుకవాసి జరుపుతూ, కింద గదిలో టీవీ ముందు కూర్చున్నవాడు “అన్నా, వచ్చింది, ఆపు” అని ఫోనులో అరిచేదాకా ఓపిక పట్టాలి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. ఆరుబయట పనిచేసేవాళ్ళను జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పెట్టకూడదని సౌదీలో నియమం ఉంది. సొంత డిష్ బిగించుకునేవాడూ ఆ నియమం పాటించాలి. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక రెండు గంటలు చాలు, పని చల్లగా అయిపోతుంది. ఎల్‌ఎన్‌బి ప్లాస్టిక్ మూత ఆ ఎండకు పెళుసెక్కి పగులుతుంది. వైరు చివర కనెక్టర్ల మీద రబ్బరు టేపు చుట్టకపోతే ఇసుకా మంచు తేమా లోపలికి పోతాయి. ఇసుక గాలి లేస్తే సిగ్నల్‌ను ఆపేది ఇసుక కాదు, డిష్‌ను కదిపే గాలే. కాళ్ళకు బరువు గట్టిగా ఉండాలి. మార్చి, అక్టోబరు నెలల మొదటి పక్షంలో కొన్ని రోజులు, పొద్దున పది, పదకొండు మధ్య కాసేపు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కు రావడం వల్ల జరిగేది అది. డిష్ కదిపితే ఉన్నదీ పోతుంది, ఆగితే దానంతటదే వస్తుంది. ఈ మధ్య మరో చిక్కు వచ్చింది. సౌదీలో 5జీ వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు సీ బ్యాండ్‌కు ఆనుకునే ఉంటాయి. దగ్గరలో టవర్ ఉంటే ఎల్‌ఎన్‌బికి ముందు ఫిల్టర్ బిగించాల్సిందే.

ఇప్పుడు అసలు విద్యకు వద్దాం. డిజిటల్ చానెల్‌ను రికార్డు చేయడమంటే టీవీ తెరను ఫొటో తీసినట్టు కాదు. ఆకాశం నుంచి వచ్చేది అంకెల ప్రవాహం. అది 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ఒకే తరంగం మీద ఏడెనిమిది చానెళ్ళ పొట్లాలు కలిసి వస్తాయి. ఏ పొట్లం ఏ చానెల్‌దో దాని మీదే గుర్తు ఉంటుంది. రిసీవర్ మనం అడిగిన చానెల్ పొట్లాలను ఏరి, యథాతథంగా డిస్కులో వేస్తుంది. అందుకే వీసీఆర్ టేపులా మసకబారదు. చానెల్ పంపినది పంపినట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఒకే తరంగం మీద ఉన్న రెండు చానెళ్ళను రిసీవర్‌లోని ఒక్క ట్యూనర్‌తోనే ఏకకాలంలో రికార్డు చేయవచ్చు. వేరువేరు తరంగాల మీద ఉంటే రెండు ట్యూనర్లు కావాలి. ప్రతి ట్యూనర్‌కూ ఎల్‌ఎన్‌బి నుంచి విడిగా ఒక వైరు రావాలి. ఎందుకంటే రిసీవర్ ఆ వైరు గుండా 13 వోల్టులో 18 వోల్టులో పంపి, ఎల్‌ఎన్‌బికి ఏ తరంగాలు కావాలో చెబుతుంది. ఒక్క వైరు మీద రెండు ఆజ్ఞలు పోవు. “తమ్ముడు సీరియల్ రికార్డు పెడితే నాకు వార్తలు రావట్లే” అని గదిలో పంచాయితీ వస్తే, తప్పు తమ్ముడిది కాదు, వైరుది.

పెట్టెల్లో చాలా రకాలున్నాయి. యూఎస్‌బీ డిస్కు పెడితే రికార్డు చేసే మామూలు ఫ్రీ టు ఎయిర్ రిసీవర్ చవకైనది, చాలామందికి అది చాలు. గల్ఫ్‌లో పేరున్న డ్రీమ్‌బాక్స్ లాంటి లినక్స్ పెట్టెలు ఇంకా ఎక్కువ చేస్తాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఒక యూఎస్‌బీ ట్యూనర్‌ను ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్‌కు తగిలించి, టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఇంట్లో ఏ ఫోనులోనైనా చూసుకునేలా అమర్చుకోవచ్చు. కరెంటు దగ్గర జాగ్రత్త ఉండాలి. సౌదీ పాత ఇళ్ళలో 220 వోల్టులతో పాటు 127 వోల్టుల సాకెట్లు కూడా ఉంటాయి. అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసి ఉందో లేదో చూసుకున్నాకే తగిలించాలి.

డిస్కు ఎంతుండాలో లెక్క చాలా తేలిక. చానెల్ సెకనుకు ఎన్ని మెగాబిట్లు పంపుతుందో చూసి దాన్ని 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని గిగాబైట్లో వస్తుంది. మూడు మెగాబిట్ల మామూలు చానెల్ గంటకు 1.35 గిగాబైట్లు తింటుంది. ఎనిమిది మెగాబిట్ల హెచ్‌డీ చానెల్ 3.6 గిగాబైట్లు తింటుంది. ఒక టెరాబైట్ డిస్కులో మామూలు చానెల్ ఏడు వందల గంటలకు పైగా పడుతుంది, హెచ్‌డీ అయితే 270 గంటలకు పైగా. డిస్కును ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో సిద్ధం చేస్తే ఫైలు నాలుగు గిగాబైట్లు దాటలేదు. మూడు గంటల సినిమా ముక్కలవుతుంది. రిసీవర్ ఒప్పుకుంటే వేరే పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి.

అన్నిటికన్నా శ్రద్ధ కావాల్సింది టైమర్. పెట్టెలో దేశం సౌదీ అని, సమయం గ్రీన్‌విచ్‌కు మూడు గంటలు ముందు అని పెట్టి, కార్యక్రమం వేళలో రెండున్నర గంటలు తీసేయాలి. అర్ధరాత్రి దాటాక వచ్చేవాటికి తేదీ కూడా మారుతుంది. శివరాత్రి జాగరణ నాడు మన దగ్గర రాత్రి పన్నెండున్నరకు మొదలైన ప్రసారం అక్కడ ముందు రోజు రాత్రి పదికే మొదలవుతుంది. చానెళ్ళు చెప్పిన నిమిషానికి మొదలుపెట్టవు, చెప్పిన నిమిషానికి ముగించవు. ముందు ఐదు నిమిషాలు, వెనక పావుగంట కలుపుకోవాలి. ఆ చివరి పావుగంటలోనే పాట పూర్తవుతుంది, తీర్పు చెబుతారు, కథ మలుపు తిరుగుతుంది.

ఇంత శ్రమ దేనికోసం? మా పక్క గదిలో సిరిసిల్ల అన్న ఒకాయన ఉండేవాడు. ఆయన రికార్డు చేయించుకునేది ‘అన్నదాత’ ఒక్కటే. ఊళ్ళో రెండెకరాలుంది, తిరిగి వెళ్ళాక ఏం వేయాలో, ఏ తెగులుకు ఏం కొట్టాలో శుక్రవారం మధ్యాహ్నం నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఆపి ఆపి చూసేవాడు. “తమ్మీ, ఆ మందు పేరు కాడికి ఎనక్కి తిప్పు” అనేవాడు. ప్రసారమవుతున్న కార్యక్రమం ఎవరి కోసమూ ఆగదు. రికార్డు చేసింది ఆగుతుంది. రాజంపేట నుంచి వచ్చిన ఒక కుటుంబం ‘పాడుతా తీయగా’ ఎపిసోడ్లు వరసగా దాచుకుంది. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో పాటకన్నా, పాట తర్వాత ఆయన చెప్పే మాటలు పిల్లలకు వినిపించాలని ఆ తల్లి తపన. ఏ అక్షరం ఎలా పలకాలో, ఒత్తు ఎక్కడ పడాలో ఆయన చెబుతుంటే, అరబ్బీ ఇంగ్లీషుల మధ్య పెరిగే పిల్లలు అదే మాటను మళ్ళీ వెనక్కి తిప్పి నేర్చుకునేవారు. ఉగాది పంచాంగ శ్రవణం, భద్రాద్రి కల్యాణం పనిరోజున వస్తే వాటిని రాత్రికి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకునేవారు. ముస్లిం మిత్రులు మక్కా హరం నుంచి ఇరవై నాలుగు గంటలూ వచ్చే ఖురాన్ చానెల్‌లో రంజాన్ తరావీహ్ నమాజును ఊళ్ళో ఉన్న అమ్మకోసం రికార్డు చేసి డిస్కులో పంపేవారు.

ఇవన్నీ చూశాక నాకు తేలిందొకటే. వలస వెళ్ళినవాడి కాలం వాడి చేతిలో ఉండదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఇంటికి వెళ్ళాలో వేరెవరో నిర్ణయిస్తారు. ఇకామా (నివాస అనుమతి) తేదీ, బస్సు వేళ, సెలవు వంతు అన్నీ పైవాళ్ళ చేతుల్లోవే. ఆ బతుకులో ఒక గంటసేపైనా తన భాషను తన వేళకు తెచ్చుకోగలగడం చిన్న సంగతి కాదు. ఇష్టమైనదాన్ని ముందుగా ఎంచుకుని, దానికోసం వారం మధ్యలో ఐదు నిమిషాలు కేటాయించినవాడు శుక్రవారం చానెల్ ఏది పెడితే అది చూడడు. తాను కోరుకున్నది చూస్తాడు. యాప్ మనకు ఏది చూపాలో అది నిర్ణయిస్తుంది. టైమర్ పెట్టుకున్నప్పుడు నిర్ణయం మనది.

దీనితో పాటే ఒక ధర్మం కూడా ఉంది. ఉచితంగా వచ్చే చానెల్‌ను ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం వేరు, చందా చానెల్ తాళాన్ని దొంగ సర్వర్‌తో తీయడం వేరు. 2017లో మొదలైన బీఅవుట్‌క్యూ వ్యవహారం సౌదీలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఖతర్‌కు చెందిన బీఇన్ క్రీడా చానెళ్ళను దొంగిలించి తిరిగి ప్రసారం చేసిన ఆ గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది, 2020 జూన్‌లో ప్యానెల్ నివేదిక వచ్చింది. ఆట ఆడినవాడికీ పాట పాడినవాడికీ దక్కాల్సింది దక్కాలి. చందా ఉన్నదానికి చందా కట్టండి. రికార్డు చేసింది అమ్మకండి, నెట్‌లో పెట్టకండి. ఉన్న దేశంలో చట్టం ఏం చెబుతోందో తెలుసుకుని మసలుకోండి.

ఇక ఫోనులో అన్నీ ఉన్నాయన్న మాటకు జవాబు. ఇవాళ ఉన్నది రేపు ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. బీబీసీ అంత పెద్ద సంస్థే 1960లు, 70లలో తన టేపుల మీద వేరేవి ఎక్కించి పాతవి చెరిపేసింది. ‘డాక్టర్ హూ’ అనే పేరున్న ధారావాహికలో ఎన్నో ఎపిసోడ్లు అలా పోయాయి. వాటి శబ్దం మాత్రం ఇవాళ్టికీ మిగిలింది. ఆ రోజుల్లో కొందరు ప్రేక్షకులు ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేసుకోబట్టే అది దక్కింది. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012లో కన్నుమూసే దాకా టీవీ వార్తలను రాత్రీ పగలూ రికార్డు చేసింది. దాదాపు 70 వేల టేపులు మిగిల్చింది. అవి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతిలో ఉన్నాయి. చానెళ్ళు దాచుకోని చరిత్రను ఒకప్పటి లైబ్రేరియన్ దాచింది.

మన దగ్గర కూడా అలాంటి ఇళ్ళున్నాయని నాకు తెలుసు. తెలంగాణ ఉద్యమం నాటి చర్చలు, బాలు గారి పాటల పోటీలు, ఊరి జాతర ప్రత్యక్ష ప్రసారం, ఇప్పుడు లేని చానెళ్ళ వార్తలు గల్ఫ్ నుంచి వచ్చిన డిస్కుల్లో అటకల మీద ఉన్నాయి. వాటికున్న ప్రమాదాలు రెండు. కొన్ని రిసీవర్లు రికార్డింగును ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా తాళం వేస్తాయి. పెట్టె పాడైతే రికార్డింగూ పోయినట్టే. తాళం లేని టీఎస్ ఫైళ్ళయితే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి, కానీ తిరిగే డిస్కుకు ఆయుష్షు కొన్నేళ్ళే.

అందుకని ఇది చదివే గల్ఫ్ అన్నలకూ అక్కలకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ నా మనవి. మీ దగ్గర పాత డిస్కు ఉంటే ఈ వారమే కంప్యూటర్‌కు తగిలించి తెరుచుకుంటోందో లేదో చూడండి. ప్రతి ఫైలుకూ కార్యక్రమం పేరు, చానెల్, తేదీ తెలుగులో రాసి పెట్టండి. ఇంకో డిస్కులోకి ఒక నకలు తీసి వేరే ఇంట్లో ఉంచండి. ఇప్పుడు సౌదీలో ఉన్నవాళ్ళు ఇంకా రికార్డు చేసుకోగలిగితే, అన్నీ వద్దు, మీ పిల్లలు పెద్దయ్యాక చూడాలని మీరు కోరుకునేది వారానికి ఒక్కటి ఎంచుకుని రికార్డు చేయండి. బిగించడం రాకపోతే పక్క గదిలో వచ్చినవాణ్ణి అడగండి. వచ్చినవాళ్ళు అడిగినవాళ్ళకు నేర్పండి.